అయ్యా నిపుణులూ, మీ పేరేంటి?

పోయినసారి వరంగల్ వెళ్ళినప్పుడు మా చిన్నమ్మ కొడుకు ఒక కాయితం తెచ్చి నా ముందు పెట్టాడు. వాడు మూడేళ్ళుగా హనుమకొండలో రూము తీసుకుని సర్కారు ఉద్యోగం పరీక్షలకి చదువుతున్నాడు. పొద్దున్నే లైబ్రరీకి పోతే రాత్రి తొమ్మిదింటికి వస్తాడు. మన ఐటీ వాళ్ళకి ఇలాంటి తమ్ముడో మరదలో ఇంటికొకరు ఉంటారు. నెల మొదట్లో మనకి జీతం పడుతుంది, వాళ్ళకి రూము కిరాయి పడుతుంది, అంతే తేడా.

వాడికి ఒక పరీక్షలో ఒకే ఒక్క మార్కుతో పోయింది. ఏ పరీక్షో, ఏ సంస్థో ఇక్కడ చెప్పను, వాడింకా రాస్తూనే ఉన్నాడు కాబట్టి. ఆ మార్కు కథ మాత్రం చెప్తా. ప్రశ్న: రామప్ప గుడి కట్టించింది ఎవరు? మావాడు రేచర్ల రుద్రుడు అని పెట్టాడు. కీ లో గణపతిదేవుడు అని వచ్చింది. పాలంపేట మాకు బస్సులో రెండు గంటల దారి. అక్కడ శాసనం ఉంది. కాకతి గణపతిదేవుడి కాలంలో, 1213లో, ఆయన సేనాని రేచర్ల రుద్రుడు ఆ గుడి కట్టించాడని పాఠ్యపుస్తకాల్లో కూడా ఉంటుంది. మావాడు అభ్యంతరం పెట్టాడు. శాసనం సంగతి, పుస్తకం పేజీలు జత చేశాడు. ఫైనల్ కీ వచ్చింది. జవాబు మారలేదు. కారణం ఒకే ఒక్క ముక్క: నిపుణుల కమిటీ పరిశీలించి నిర్ణయించింది.

"అన్నా, నాది తప్పైతే ఊకుంటుంటి. శాసనం జూపిచ్చిన. అయినా కాదన్నరు. ఎవలన్నా ఈ నిపుణులు? పేరన్న జెప్పుమను" అన్నాడు.

పేరు చెప్పమని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాడట. ఆ జవాబే నా ముందు పెట్టిన కాయితం. రెండు లైన్లు. సెక్షన్ 8(1)(జి) ప్రకారం నిపుణుల వివరాలు ఇవ్వడం కుదరదు. ఆ సెక్షన్ ఏంటో చూద్దామని తెరిచా. ఎవరికైనా ప్రాణాపాయం గానీ, ఒంటికి హాని గానీ కలిగించే సమాచారం, లేదా శాంతిభద్రతల కోసం రహస్యంగా సమాచారం ఇచ్చినవాళ్ళ ఆనవాళ్ళు బయటపెట్టే సమాచారం ఇవ్వక్కర్లేదు అని దాని సారాంశం. అంటే పోలీసులకి ఉప్పందించిన మనిషిని కాపాడటానికి రాసిన సెక్షన్ అది. రామప్ప గుడి ఎవరు కట్టించారో చెప్పిన ప్రొఫెసరు గారికి కూడా అదే రక్షణ!

నాకు నవ్వొచ్చింది, కానీ వాడి మొహం చూసి ఆపుకున్నా. ఎనిమిది వందల ఏళ్ళ కింద గుడి కట్టించినవాడు తన పేరు రాతి మీద చెక్కించి పెట్టాడు. ఆ పేరు చెల్లదని తేల్చినవాళ్ళు మాత్రం తమ పేరు కాయితం మీద కూడా పెట్టరట.

సరే, మన లైనులోకి వద్దాం. మనం రాసే కోడులో ప్రతి లైను పక్కనా ఒక పేరుంటుంది. సీవీఎస్ రోజుల నుంచి గిట్ దాకా టూల్సు మారాయి గానీ ఆ పద్ధతి మారలేదు. అర్ధరాత్రి ప్రొడక్షన్ పడిపోతే మొదట చూసేది ఎవరు మార్చారు, ఏమని రాసి మార్చారు అనే. వాడిని ఉరి తీయడానికి కాదు. ఎందుకు మార్చాడో అడగడానికి. ఎక్కడైనా లాగులో "అడ్మిన్" అని కనపడిందా, ఇక ఆ రాత్రి గోవిందా. పదిమంది ఒకే పాస్‌వర్డు వాడుతున్న ఖాతా అది. ఎవరూ చేయలేదు, అందరూ చేశారు. ఏ ఆడిటరైనా ముందు మూయించేది ఇలాంటి ఖాతాలనే. మరి మన రాష్ట్రంలో లక్షలమంది బతుకుల్ని తేల్చే చోట "నిపుణుల కమిటీ" అనే షేర్డ్ లాగిన్ పెట్టుకుని కూర్చుంటే మనం ఎందుకు నోరు మూసుకోవాలి?

ఇక్కడ ఎవరో ఒకరు లేస్తారు, "సుప్రీం కోర్టు చెప్పింది కదండీ" అని. చెప్పింది. ఒకసారి కాదు, మూడుసార్లు. 2011 ఆగస్టులో సీబీఎస్‌ఈ వర్సెస్ ఆదిత్య బందోపాధ్యాయ కేసులో, పరీక్ష రాసినవాడికి తన జవాబు పత్రం చూసుకునే హక్కుంది అంది. మంచి తీర్పే. కాకపోతే దిద్దినవాళ్ళ పేర్లు, సంతకాలు కప్పేసి చూపించమంది. 2012 డిసెంబరులో బీహార్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ కేసులో ఇంటర్వ్యూ బోర్డులో కూర్చున్నవాళ్ళ పేర్లు, చిరునామాలు ఇవ్వక్కర్లేదు అంది. 2016 ఫిబ్రవరిలో కేరళ పబ్లిక్ సర్వీస్ కమిషన్ కేసులో పేపర్లు దిద్దినవాళ్ళ పేర్లూ అక్కర్లేదంది. పేర్లు బయటికొస్తే వాళ్ళకి ముప్పు, నిర్భయంగా పని చేయలేరు, తర్వాతి పరీక్షప్పుడు అభ్యర్థులు వాళ్ళ చుట్టూ తిరుగుతారు అన్నది స్థూలంగా వాదన.

కోర్టు మీద గౌరవంతోనే ఒక్క మాట అడుగుతా. ఆ తీర్పుల మీద న్యాయమూర్తుల పేర్లున్నాయి. రేపు నేను వెతికితే వాళ్ళు ఇంకా ఏయే తీర్పులు రాశారో కూడా దొరుకుతాయి. మన జిల్లా కోర్టులో మెజిస్ట్రేటు రౌడీషీటర్ని రిమాండుకి పంపేటప్పుడు తలుపు మీద పేరు పలక ఉంటుంది. మండలాఫీసులో భూమి తగాదా తేల్చే తహసీల్దారు పేరు గోడ మీద రాసి ఉంటుంది, ఊరందరికీ ఆయన ఇల్లు కూడా తెలుసు. వీళ్ళందరికీ లేని ప్రాణభయం ఏసీ గదిలో కూర్చుని కీ తేల్చే నిపుణుడికి ఎక్కణ్ణుంచి వచ్చింది? మార్కు పోయిన నిరుద్యోగి భూమి పోయిన రైతుకన్నా ప్రమాదకరమా?

పేరు తెలిస్తే ఏమొస్తుంది అని అడిగేవాళ్ళ కోసం ఒక పాత సంగతి. మన భాషా రాష్ట్రాల తలరాత రాసిన రాష్ట్రాల పునర్విభజన కమిషన్ని 1953 డిసెంబరులో వేశారు. ముగ్గురే సభ్యులు. ఫజల్ అలీ, హృదయనాథ్ కుంజ్రూ, కె.ఎం. పణిక్కర్. తెలంగాణని అప్పటికి హైదరాబాదు రాష్ట్రంగా విడిగా ఉంచాలన్నది వీళ్ళే, కాబట్టి వరంగల్లో ఈ పేర్లు తెలియని పెద్దవాళ్ళుండరు. 1955లో నివేదిక ఇచ్చారు. బీహారు సరిహద్దు తగాదాల దగ్గరికొచ్చేసరికి ఫజల్ అలీ గారు పక్కకి తప్పుకున్నారు. ఆయనకి బీహారుతో చాలాకాలపు సంబంధం ఉంది. ఆ మాట నివేదికలోనే ఉంది. పణిక్కర్ గారికి ఉత్తరప్రదేశ్ విషయంలో మిగతా ఇద్దరితో కుదర్లేదు, ఆ రాష్ట్రాన్ని విడగొట్టాలని తన పేరుతోనే వేరే నోట్ రాసి పెట్టారు.

ఇప్పుడు ఆలోచించండి. అదే కమిషన్ని "ముగ్గురు నిపుణులు" అని మాత్రమే చెప్పి వేసి ఉంటే? ఫజల్ అలీ తప్పుకోవాల్సిన అవసరమే వచ్చేది కాదు, తప్పుకున్నాడో లేదో మనకి తెలిసేదీ కాదు. పణిక్కర్ నోటు ఏ సభ్యుడిదో తెలియని అసమ్మతిగా మిగిలేది, బహుశా చెత్తబుట్టలో. పేరు బయట ఉంటేనే, ఈయనకి ఇందులో ఏమైనా లాభం ఉందా అన్న ప్రశ్న పుడుతుంది. మా తమ్ముడి ప్రశ్న కూడా అదే, వాడికి చెప్పడం రాలేదు గానీ. ఆ నిపుణుల్లో ఒకాయన ఏదో కోచింగ్ సెంటరుకి మెటీరియల్ రాసిన మనిషి అనుకుందాం. కీ ఆ మెటీరియల్లోంచే వచ్చిందనుకుందాం. ఊహే, నా దగ్గర ఆధారం లేదు. ఆధారం ఎందుకు లేదంటే పేరు చెప్పరు కాబట్టి. పేరు ఎందుకు చెప్పరంటే ఆధారం లేని ఆరోపణలు చేస్తారు కాబట్టి! ఇలాంటి లూపుకి మన దగ్గర ఒక పేరుంది, డెడ్‌లాక్ అంటారు :)

వరంగల్ వాళ్ళం కాబట్టి ఇంకో కమిటీ గురించి చెప్పకుండా ఉండలేను. మన ఆర్‌ఈసీ (ఇప్పటి నిట్) లో చదువుకున్నవాళ్ళు ఈ టపా చదివేవాళ్ళలో చాలామందే ఉండి ఉంటారు. ఎమర్జెన్సీ పెట్టిన నెల రోజులకి, 1975 జులైలో, మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు కుర్రాళ్ళు ఎన్‌కౌంటరులో చచ్చిపోయారని పోలీసులు ప్రకటించారు. అందులో సూరపనేని జనార్దన్ మన ఆర్‌ఈసీ విద్యార్థి. ఎమర్జెన్సీ పోయాక 1977లో జయప్రకాశ్ నారాయణ్ చొరవతో ఒక నిజనిర్ధారణ కమిటీ ఏర్పడింది. దాన్నే తార్కుండే కమిటీ అంటారు. అది ప్రభుత్వ కమిషన్ కాదు. జీతం లేదు, అధికారం లేదు, సమన్లు పంపే హక్కు లేదు. పోలీసులు కట్టేసి కాల్చి చంపారని ఆ కమిటీ చెప్పింది. ప్రాణాపాయం అంటే అదీ! పోలీసు శాఖనీ, అప్పటి ప్రభుత్వాన్నీ ఎదురుగా నిలబెట్టి వేలు చూపించడం. అయినా కమిటీలో ప్రతి ఒక్కరి పేరూ బయటే ఉంది. వి.ఎం. తార్కుండే, కె.జి. కన్నబిరాన్, అరుణ్ శౌరి, బి.జి. వర్గీస్, ఇంకా కొందరు. మన హనుమకొండ కాళోజీ నారాయణరావు గారు కూడా.

కాళోజీకి అప్పటి ముఖ్యమంత్రి వెంగళరావు మీద అభిప్రాయం లేదా? ఉంది. ఆ తరవాత సత్తుపల్లికి పోయి ఆయన మీదే ఎన్నికల్లో నిలబడి ఓడిపోయారు కూడా. అయితే నివేదిక నమ్మొద్దా? నమ్మాలో వద్దో మీ ఇష్టం. కాళోజీ ఎవరో మీకు తెలుసు కాబట్టి ఆ అభిప్రాయాన్ని కొంత తీసేసి చదువుకోవచ్చు, లేదా ఆయన అబద్ధమాడే మనిషి కాదని ఇంకాస్త కలిపి చదువుకోవచ్చు. పేరు లేని నిపుణుడి దగ్గర ఈ తీసివేత, కలపడం రెండూ కుదరవు. మొత్తంగా మింగాలి, లేదా మొత్తంగా కక్కాలి.

ఆ గొడవ మీదే 1977లో ప్రభుత్వం జస్టిస్ వశిష్ఠ భార్గవ కమిషన్ వేసింది. బహిరంగంగా సాగుతున్న విచారణని తలుపులు మూసి జరపాలని తర్వాత ప్రభుత్వం పట్టుబట్టింది, తార్కుండే కమిటీ వాళ్ళు బయటికొచ్చేశారు, ఆ విచారణ చివరిదాకా సాగలేదు. సర్కారుకి తలుపులు మూసుకోవడం మీద మోజు ఇవాళ్టిది కాదు.

మన కాలానికే వస్తే, 2010లో శ్రీకృష్ణ కమిటీ వచ్చింది. ఐదుగురి పేర్లూ మొదటి రోజే తెలుసు. జస్టిస్ శ్రీకృష్ణ, దుగ్గల్, రణబీర్ సింగ్, అబూసలే షరీఫ్, రవీందర్ కౌర్. కాకతీయ యూనివర్సిటీ పిల్లలు ఒక్కొక్కరి పుట్టుపూర్వోత్తరాలు తవ్వి తీశారు. ఎవరూ చచ్చిపోలేదు. పేర్లు దాచలేదు గానీ ఎనిమిదో అధ్యాయాన్ని కవర్లో పెట్టి దాచారు. 2011 మార్చిలో జస్టిస్ ఎల్. నరసింహారెడ్డి దాన్ని బయటపెట్టమని తీర్పు చెప్పారు. ఆయన మన వరంగల్ జిల్లా మనిషే. మన వైపు అప్పట్లో ఆయనకి ఎంత పేరో గుర్తుందిగా?

అదే నరసింహారెడ్డి గారిని 2024 మార్చిలో కరెంటు కొనుగోళ్ళు, యాదాద్రి, భద్రాద్రి ప్లాంట్ల మీద విచారణ కమిషన్ గా తెలంగాణ ప్రభుత్వం వేసింది. ఆయన విచారణ మధ్యలో ప్రెస్ మీట్ పెట్టారు. ముందే అభిప్రాయం చెప్పేశారని కేసీఆర్ కోర్టుకెక్కారు. హైకోర్టు కొట్టేసింది. 2024 జులైలో సుప్రీం కోర్టు మాత్రం ఆ ప్రెస్ మీట్‌ని తప్పుపట్టింది, ఆయన తప్పుకున్నారు, ఆ స్థానంలో జస్టిస్ మదన్ లోకూర్ వచ్చారు. మీది ఏ పార్టీ అయినా సరే, ఒక్కటి గమనించండి. మాజీ ముఖ్యమంత్రికి తన మీద విచారణ చేసేది ఎవరో తెలుసు, ఆయన ఏమన్నాడో తెలుసు, అందుకే ఆ మనిషొద్దని అడగగలిగాడు, మార్పించుకోగలిగాడు. మా తమ్ముడికి ఆ సౌకర్యం ఎందుకు లేదు? వాడి వెనక పార్టీ లేదనా, సీనియర్ లాయర్ లేడనా? సహజ న్యాయం అనేది పదవిని బట్టి ఇచ్చేదా?

దిశ కేసు ఎన్‌కౌంటరు మీద 2019 డిసెంబరులో సుప్రీం కోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్‌ది కూడా ఇదే కథ. ముగ్గురు సభ్యులు, ముగ్గురి పేర్లూ లోకానికి తెలుసు. జనం పోలీసుల మీద పూలు చల్లుతున్న రోజుల్లో ఆ పని నెత్తినేసుకున్నారు. పదిమంది పోలీసుల మీద హత్య కేసు నడపాలని రాశారు. నివేదికని సీల్డు కవర్లోనే ఉంచమని అడిగితే 2022 మేలో జస్టిస్ ఎన్.వి. రమణ బెంచి ఒప్పుకోలేదు. ఈ కమిషన్ కన్నా మన కీ కమిటీకి ఎక్కువ ముప్పు ఉందని ఎవరైనా నన్ను ఒప్పించండి, చూద్దాం.

ఇక అవతలి పక్షంలో బలమైన వాదన ఒకటుంది, దాన్ని దాటేయడం న్యాయం కాదు. పేర్లు ముందే తెలిస్తే పైరవీలు మొదలవుతాయి. నిజమే. మనవాళ్ళ సంగతి మనకి తెలీదా? పేపరు దిద్దేవాడి బావమరిది ఎవరో సాయంత్రానికల్లా కనుక్కుంటారు. ఇన్‌కం టాక్స్ వాళ్ళు 2020 నుంచి ఫేస్‌లెస్ అసెస్‌మెంట్ పెట్టింది కూడా ఈ లెక్క మీదే, మన ఫైలు ఏ ఊళ్ళో ఏ ఆఫీసరు చూస్తున్నాడో తెలియకపోతే లంచం ఎవరికివ్వాలో తెలియదని. పరిశోధనా పత్రాల్ని కూడా పేరు చెప్పకుండానే సమీక్షిస్తారు.

ఒప్పుకుంటా. కానీ ఆ ఉదాహరణల్ని పూర్తిగా చూడండి. ఏ పేపరు ఎవరు సమీక్షించారో చెప్పరు గానీ, ప్రోగ్రాం కమిటీలో ఎవరెవరున్నారో కాన్ఫరెన్సు సైటులో ఫొటోలతో సహా పెడతారు. పైరవీ భయం ఫలితాలు వచ్చేదాకా. వచ్చాక? నియామక పత్రాలిచ్చి, జాయినింగులు కూడా అయిపోయాక ఇంకా ఏ పైరవీని ఆపడానికి ఈ ముసుగు? పరీక్షకి ముందు రహస్యం పేపరుని కాపాడుతుంది. పరీక్ష అయ్యాక రహస్యం తప్పుని కాపాడుతుంది.

మొహం లేని తీర్పరుల ప్రయోగం ప్రపంచంలో జరక్కపోలేదు. 1992లో పెరూలో ఫుజిమోరి ప్రభుత్వం తీవ్రవాద కేసులకి అద్దం వెనక కూర్చునే జడ్జిల్ని పెట్టింది, గొంతు కూడా మార్చి వినిపించేవాళ్ళు. అక్కడ షైనింగ్ పాత్ వాళ్ళు నిజంగానే జడ్జిల్ని చంపుతున్నారు, రామప్ప గుడి లాంటి భయం కాదు. అయినా 1999లో ఇంటర్ అమెరికన్ మానవ హక్కుల కోర్టు అది న్యాయం కాదంది. తీర్పు చెప్పేవాడెవరో తెలియకపోతే, వాడికి ఆ అర్హత ఉందో లేదో నిందితుడు ఎలా అడుగుతాడు అన్నది అందులో ముఖ్యమైన పాయింటు.

అర్హత అన్నాను కాబట్టి, ఆంధ్రప్రదేశ్‌లో 2018 గ్రూప్-1 సంగతి చూడండి. జవాబు పత్రాలు మొదట డిజిటల్‌గా దిద్దారు, చేత్తో దిద్దమని హైకోర్టు అంది, ఆ చేత్తో దిద్దడం మీద మళ్ళీ కేసు, 2024 మార్చిలో సింగిల్ జడ్జి మెయిన్స్‌నే రద్దు చేశారు, డివిజన్ బెంచి ఆపింది. 2025 మేలో ఇంకో బాంబు పేలింది. పేపర్లు దిద్దే పనిని ఒక ప్రైవేటు కంపెనీకి అప్పగించి, ఒక రిసార్టులో అర్హత లేని మనుషులతో మార్కులు వేయించారని పోలీసులు కేసు పెట్టారు. అప్పట్లో కమిషన్ కార్యదర్శిగా పనిచేసిన ఐపీఎస్ అధికారిని అరెస్టు చేశారు. నిజమా కాదా కోర్టు తేలుస్తుంది, ఈ లోపు నేను తీర్పు చెప్పను. నా ప్రశ్న వేరు. దిద్దినవాళ్ళ జాబితా, వాళ్ళు ఏ కాలేజీలో ఏ సబ్జెక్టు చెప్తారో, ఫలితాల రోజే గోడ మీద అంటించే పద్ధతి ఉండి ఉంటే, ఇలాంటి అనుమానం తేలడానికి ఇన్నేళ్ళు పట్టేదా? ఆ సబ్జెక్టు లెక్చరర్లే మర్నాడు, ఈ పేరు గల మనిషి మా కాలేజీలో లేడే అనేవాళ్ళు.

తెలంగాణలో 2025 సెప్టెంబరులో గ్రూప్-1 మెయిన్స్ మళ్ళీ దిద్దమని సింగిల్ జడ్జి అన్నప్పుడు, రెండు వారాలకి డివిజన్ బెంచి దాన్ని ఆపినప్పుడు కూడా గొడవంతా మూల్యాంకనం చుట్టూనే. తెలుగు మీడియం వాళ్ళకి అన్యాయం జరిగిందన్నది పిటిషనర్ల వాదనల్లో ఒకటి. తెలుగులో రాసిన పేపరు దిద్దినవాడికి తెలుగు బాగా వచ్చా అనే చిన్న ప్రశ్నకి, పేర్లూ అర్హతలూ ఉన్న ఒక పట్టిక చాలు. దానికి హైకోర్టు దాకా పోవాలా?

పేర్లు చెప్తే ఏం జరుగుతుందో మనకి సొంత అనుభవమే ఉంది. 2019 ఏప్రిల్లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు. మనలాంటి సాఫ్టువేరు వాళ్ళు సిగ్గుపడాల్సిన రోజులవి. 9 లక్షల పైచిలుకు పిల్లలు, గ్లోబరీనా అనే కంపెనీ సాఫ్టువేరు, ఒక అమ్మాయికి తెలుగులో 99 రావాల్సింది సున్నా. ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ప్రభుత్వం ముగ్గురితో కమిటీ వేసింది. టీఎస్‌టీఎస్ ఎండీ వెంకటేశ్వరరావు, బిట్స్ హైదరాబాదు ప్రొఫెసరు వాసన్, ఐఐటీ హైదరాబాదు ప్రొఫెసరు నిశాంత్ దొంగరి. ఊరంతా కోపంతో ఊగిపోతున్న వారం అది. ఆ ముగ్గురి పేర్లూ పేపర్లో వచ్చాయి. వారంలో నివేదిక ఇచ్చారు, అది బయటికొచ్చింది, ఆ సున్నా ఎలా పడిందో, బబుల్ ఎక్కడ తప్పు దిద్దారో, సాఫ్టువేరు ఎక్కడ తప్పిందో మనమంతా చదివాం. ఫెయిలైన దాదాపు 3.8 లక్షల మంది పేపర్లు ఉచితంగా మళ్ళీ పరిశీలించారు. ఆ నివేదికతో అందరూ సంతోషించలేదు. తిట్టినవాళ్ళు తిట్టారు. కానీ ఎవర్ని తిడుతున్నారో వాళ్ళకి తెలుసు.

పోనీ చట్టంలో ఏమైనా దారుందా అని చూశా. సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 ప్రకారం, సలహా కోసం వేసిన కమిటీలు, బోర్డులు ఏవేవి ఉన్నాయో, వాటి మీటింగులు జనం చూడొచ్చో లేదో, మినిట్సు దొరుకుతాయో లేదో, ఎవరూ అడగకుండానే ప్రతి ఆఫీసూ ప్రకటించాలి. 2005 చట్టం అది. మీ జిల్లాలో ఏ ఆఫీసు సైటులోనైనా ఆ పేజీ తెరిచి చూడండి. చాలాచోట్ల ఎప్పటిదో పీడీఎఫ్ ఒకటి ఉంటుంది, అది కూడా వంకరగా స్కాన్ చేసింది. ఇది చాలదన్నట్టు డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టంతో సెక్షన్ 8(1)(జె) ని మార్చేశారు, 2025 నవంబరులో అమల్లోకి తెచ్చారు. అంతకుముందు, ప్రజాప్రయోజనం ఉంటే వ్యక్తిగత సమాచారమైనా ఇవ్వాలని ఆ క్లాజులోనే ఉండేది. ఇప్పుడు ఆ మాట తీసేసి మొత్తానికే మినహాయింపు ఇచ్చారు. ప్రజాప్రయోజనం కోసం ఇంకా 8(2) మిగిలుంది గానీ, గుమాస్తా ముందు వెతుక్కునేది వద్దనే సెక్షన్ కోసమే కదా. మన ఫోన్ నంబరు ఊళ్ళోని ప్రతి లోను కంపెనీ దగ్గరా ఉంది, దాన్ని ఎవరూ కాపాడరు. నిపుణుడి పేరు మాత్రం వ్యక్తిగత డేటా!

అసలు తెలంగాణ సమాచార కమిషన్‌లో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా ఒక్క కమిషనరూ లేడు. సభ్యుల పేర్లు దాచిన కమిషన్లు చూశాం, సభ్యులే లేని కమిషన్ కూడా చూశాం.

నేనడిగేది పెద్ద కోరిక కాదు. ఫలితాలు వచ్చేదాకా దాచుకోండి. ఫైనల్ జాబితా పెట్టిన రోజు, కీ తేల్చినవాళ్ళ పేర్లు, ఏం చదివారో, ఎక్కడ పని చేస్తారో, ఏ కోచింగ్ సెంటరుతోనైనా సంబంధం ఉందో లేదో ఒక పేజీలో పెట్టండి. ఎవరు ఏ పేపరు దిద్దారో వద్దు. ఇంటి చిరునామా అసలే వద్దు. మారని ప్రతి జవాబు పక్కన ఎందుకు మారలేదో రెండు వాక్యాలు, కింద ఒక సంతకం. ఇదైనా పెట్టడానికి ఇష్టపడని నిపుణుడికి ఆ గౌరవ వేతనం ఎందుకు? పేరు పెడితే మంచివాళ్ళెవరూ రారంటారు. యూనివర్సిటీ సన్మాన సభల్లో పేరు ఫ్లెక్సీ మీద చిన్నగా పడిందని అలిగే ప్రొఫెసర్లని నేను చూశాను. వాళ్ళకి పేరంటే భయమంటే నేన్నమ్మను.

ఆ రాత్రి మావాడు నేనూ కూర్చుని మొదటి అప్పీలు నా లాప్‌టాప్‌లో టైపు చేశాం. అప్పుడు గమనించాను, వాడికొచ్చిన జవాబు కింద రబ్బరు స్టాంపు మీద ఒక గీత సంతకం ఉంది గానీ పౌర సమాచార అధికారి పేరు లేదు. అది కూడా ఒక పాయింటుగా రాశాం. కింద వాడు తన పూర్తి పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు, ఫోన్ నంబరు, హాల్‌టికెట్ నంబరు అన్నీ రాసి సంతకం పెట్టాడు. మర్నాడు హనుమకొండ పోస్టాఫీసులో స్పీడ్ పోస్టు చేసి రసీదు ఫొటో నాకు పంపాడు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. వస్తే ఇక్కడే పెడతా.